ఒడవని ఆటలు

పోయిన ఎండాకాలం మా పొదుపు సంఘం మీటింగులో నా కిస్తీ కట్టే వంతు వచ్చింది. ఫోన్ తీసి స్కాన్ చేశాను. ఖాతాలో సరిపడా డబ్బులు లేవని వచ్చింది. ఇంకోసారి చేశాను. మళ్లీ అదే. పది మంది ఆడవాళ్లు చాప మీద కూర్చుని నా ముఖం చూస్తున్నారు. "నెట్‌వర్క్ లేదేమో వదినె" అన్నది ఒకామె, నా పరువు కాపాడదామని. నెట్‌వర్క్ బాగానే ఉంది. డబ్బులే లేవు.

ఇంటికొచ్చి బ్యాంకు మెసేజీలు ఒక్కొక్కటే చదివాను. 89, 159, 89, 449. పదకొండు రోజుల్లో మూడు వేల పైచిలుకు పోయింది. పదో తరగతికి వచ్చిన మా చిన్నోడు ఒక తుపాకుల ఆటలో బొమ్మకు బట్టలు కొన్నాడు. తుపాకికి రంగు కొన్నాడు. నా పిన్ నంబరు వాడికి ఎట్లా తెలుసంటారా? నేనే చెప్పాను. పాల ప్యాకెట్ తెమ్మని దుకాణానికి తోలినప్పుడు.

మా ఆయన మార్కెట్ యార్డు దగ్గర ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. మిర్చి సీజనులో పగలంతా బస్తాల మధ్య తిరిగి, దగ్గుకుంటూ ఇల్లు చేరతాడు. ఆ మూడు వేలు ఎన్ని రోజుల దగ్గో నాకు తెలుసు. ఆ రాత్రి ఆయన అరవలేదు. అన్నం తిని, చేయి కడుక్కుని వచ్చి ఒకటే మాట అన్నాడు. "ఇయ్యాల్టి సంది ఈ ఇంట్ల ఆట అన్న మాట ఇనబడొద్దు. అన్ని బంద్." అత్తమ్మ అవునన్నది. నేనూ తలూపాను.

ఆ తలూపినందుకే ఇది రాస్తున్నాను. అది తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. మీలో చాలామంది ఇళ్లల్లో ఇదే తీర్పు నడుస్తోందని నాకు తెలుసు. కోపం రావచ్చు. చివరిదాకా చదివి కోప్పడండి.

మనం "ఆటలు పిల్లల్ని చెడగొడతాయి" అంటాం, ఆటలన్నీ ఒక్కటే అయినట్టు. మా నానమ్మ కూడా ఇట్లాగే "నవలలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారు" అనేది. నేను పాఠ్యపుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదివి, ఆ తర్వాత తెలుగు ప్రధానంగా బీఏ చేశాను. చెడిపోలేదు. నానమ్మ ఏ ఒక్క నవలా తెరిచి చూడలేదు. మనమూ అంతే. మనం తీర్పు చెప్పిన ఆటను ఒక్కసారైనా పక్కన కూర్చుని చూశామా?

వారం తర్వాత నేను చూశాను. వాడిని పిలిచి, "నీ ఆట నాకు చూపియ్యి, కొట్టను" అన్నాను. వాడు నమ్మలేదు. రెండు రోజులు బతిమాలితే చూపించాడు.

తెరవగానే "ఈ రోజు వచ్చినందుకు" ఒక బహుమతి. రేపు వస్తే ఇంకా పెద్దది, ఎల్లుండి వస్తే అంతకన్నా పెద్దది. మధ్యలో ఒక్క రోజు మానేస్తే మళ్లీ మొదటికి. పైన ఒక గడియారం వెనక్కి తిరుగుతూ ఉంది, ఈ చొక్కా ఇంకా ఆరు గంటలే దొరుకుతుందని. ధర రూపాయల్లో ఉండదు, వజ్రాల్లో ఉంటుంది. వాడి దగ్గర ఎప్పుడూ పది పదిహేను వజ్రాలు తక్కువ పడతాయి, ఆ పదిహేను కోసం వంద కొనాలి. బట్టలు కొనకపోతే ఏమవుతుందిరా అన్నాను. "క్లాసుల అందరు ఉత్త చొక్కాగాడు అని ఎక్కిరిస్తరమ్మా" అన్నాడు తల వంచుకుని.

చివరికి అడిగాను. "ఇది ఎప్పుడు ఒడుస్తదిరా?"

వాడు నన్ను వింతగా చూశాడు. "ఇది ఒడవదమ్మా."

నా తగాదా అంతా ఈ ఒక్క మాట దగ్గరే ఉంది.

మనం ఆడిన ఆటలు గుర్తు చేసుకోండి. అష్టాచెమ్మలో నాలుగు కాయలు పండితే ఆట అయిపోయేది. ఓమనగుంటల్లో చింతపిక్కలు ఒకరి వైపు చేరితే అయిపోయేది. పులిజూదంలో పులిని కట్టేస్తే అయిపోయేది. ఓడినవాళ్లు మొహం ముడుచుకుని, గెలిచినవాళ్లు ఎగురుకుంటూ అన్నానికి పోయేవాళ్లు. మల్లన్న కథ చెప్పే ఒగ్గువాళ్లు తెల్లారేదాకా చెప్పినా, తెల్లారాక మంగళం పాడి డోలు దించుతారు. దించిన తర్వాత ఆ కథ మన లోపల నడుస్తుంది. మంగళం లేని కథ కథ కాదని మన ముసలోళ్లకు తెలుసు. ఒడవని ఆట ఆట కాదు, దుకాణం. దాన్ని ఆట అని పిలవడమే మన మొదటి పొరపాటు.

ఇక్కడ నా మీద కూడా ఒక రాయి వేసుకోవాలి. రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మా ఇంట్లో నడిచే టీవీ సీరియళ్లు ఏ ఏడు మొదలయ్యాయో అత్తమ్మకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. వాటికీ మంగళం లేదు. కొడుకు గదిలో ఒక ఒడవని దుకాణం, హాల్లో మా ఒడవని దుకాణం. వాడిని తిట్టేటప్పుడు నా నోరు కొంచెం తడబడింది.

ఈ సంగతి మా ఆయనకు చెబితే, ఆయనే మంచి ఉపమానం ఇచ్చాడు. "అడ్తిల రైతుకు చాయ్ ఉత్తగనే పోస్తరు. ఉత్తగ పోసేటోడు ఊరికే పోస్తడా? సరుకు ఆయన కాంటా మీదికే రావాలె." అదే మాట. ఫ్రీ ఆటలో చాయ్ ఉచితం, కాంటా మీద ఉన్నది మన పిల్లవాడు. మనం అన్నం వండుకునే అరగంట నిమ్మళంగా ఉండాలని మూడేళ్ల పిల్లల చేతిలో ఈ ఫ్రీ ఆటలే పెడతాం. పదిహేనేళ్లకు అదే పిల్లవాడు ఫోన్ వదలడం లేదని కొడతాం. అలవాటు చేసింది ఎవరు?

ఇక్కడితో ఆగితే నేను కూడా "బంద్" దగ్గరే ఆగేదాన్ని. నన్ను కదిలించింది మా పెద్దది. వరంగల్‌లో ఇంజనీరింగు చదువుతోంది. సెలవులకు వచ్చి, ఇంట్లో జరిగింది విని, "అమ్మా, నువ్వు చూసింది ఆటలల్ల ఒక్క రకమే" అని లాప్‌టాప్ నా ముందు పెట్టింది. నాకు భయం. మౌస్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. "నువ్వు రోజూ చేసే పనే అమ్మా, సామాను సదురుడు" అన్నది.

ఆ ఆట పేరు అన్‌ప్యాకింగ్. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో విచ్ బీమ్ అనే చిన్న సంస్థ చేసింది, 2021లో వచ్చింది. మరుసటి ఏడు బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా అవార్డుల్లో బహుమతులు కూడా తీసుకుంది. అయినా మన దగ్గర పది మందిని అడిగితే పది మందికీ తెలియదు. అందులో తుపాకి లేదు, పాయింట్లు లేవు, గడియారం లేదు. ఒక అమ్మాయి ఇల్లు మారినప్పుడల్లా అట్టపెట్టెలు విప్పి సామాను సర్దాలి, అంతే. 1997లో చిన్నపిల్లగా ఒక గదితో మొదలై 2018 దాకా ఎనిమిదిసార్లు. ఆ అమ్మాయి ఎక్కడా మన ముందుకు రాదు. ఒక్క మాట మాట్లాడదు. ఆమె ఎవరో, ఏమైందో సామానే చెబుతుంది. ఏ బొమ్మను ఇల్లు మారినా వెంట తెచ్చుకున్నదో, ఏ గిన్నె పాతబడినా పారేయలేదో మనకు తెలుస్తూ ఉంటుంది.

2010లో ఆమె తన స్నేహితుడి ఇంటికి మారుతుంది. అతని సామానుతో ఇల్లు అప్పటికే నిండి ఉంది. నేను అటు జరిపి ఇటు జరిపి చోటు చేసుకుంటూ వచ్చాను. చివరికి పెట్టెలోంచి ఫ్రేము కట్టిన ఆమె డిగ్రీ పట్టా వచ్చింది. గోడకు పెట్టాను, చుట్టూ ఎర్ర గీత వచ్చింది, అంటే అక్కడ కుదరదని. ఇంకో గోడకు పెట్టాను, ఎర్ర గీత. హాల్లో, వంటింట్లో, పడకగదిలో, ఎక్కడా కుదరదు. "దీన్ని యాడ పెట్టాలె బిడ్డా?" అన్నాను. అది నాకు చెప్పలేదు. చాలాసేపు వెతికి, మంచం కిందికి తోశాను. ఎర్ర గీత పోయింది.

నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద ఏమీ లేదు, అయినా వెళ్లాను.

కాకతీయ యూనివర్సిటీ నాకిచ్చిన పట్టా మా బీరువాలో కింది అరలో, పెళ్లి చీరల అడుగున, ఒక ప్లాస్టిక్ కవర్లో ఉంది. ఇరవై ఏళ్లు దాటింది. ఈ ఇంట్లో ఎవరూ దాన్ని అక్కడ పెట్టమనలేదు. ఎవరూ గోడకు పెట్టమనీ అనలేదు. చోటు దొరకలేదు, అంతే. ఆ ఆట చేసినవాళ్లు నన్ను ఎరగరు, కేసముద్రం ఎక్కడుందో ఎరగరు. నాకు మాత్రం ఎవరో మా బీరువా తెరిచి చూసినట్టు అనిపించింది.

ఆ సాయంత్రం ఆ కవరు బయటికి తీశాను. చిన్నోడు చూసి, "ఇది ఎవలదమ్మా?" అన్నాడు. నాదిరా అన్నాను. "నువ్వు డిగ్రీ చదివినవా?" అన్నాడు.

వాడికి పదిహేనేళ్లు. అమ్మ ఇంటర్ దాకా చదివి ఉంటుందిలే అనుకున్నాడట. వాళ్లమ్మ సంగతి వాడికి తెలిసింది ఒక ఆట వల్ల. ఆటల వల్ల పిల్లలు తల్లిదండ్రులకు దూరమవుతారని స్కూల్లో పేరెంట్స్ మీటింగు పెట్టినప్పుడల్లా వింటున్నాను. ఏ ఆట? అని ఒక్కరూ అడగరు, ఒక్కరూ చెప్పరు.

ఆ సెలవుల్లో నేనూ పెద్దదీ కలిసి ఇంకో నాలుగైదు చూశాం. ఒక్కొక్కటి ఒక్కో రకం. ఒక రకం నచ్చకపోతే ఇంకొకటి ఉంటుందని మీకు తెలియాలని చెబుతున్నాను.

ప్రేమకథ కావాలంటే ఫ్లారెన్స్. 2018లో ఆస్ట్రేలియాలోనే మెల్‌బోర్న్ వాళ్లు చేశారు. అరగంట, నలభై నిమిషాల్లో అయిపోతుంది. ఫ్లారెన్స్ అనే అమ్మాయి, క్రిష్ అనే మన దేశపు మూలాలున్న అబ్బాయి. వాళ్లు మాట్లాడుకునేటప్పుడు మనం ముక్కలు అతికించి మాట పూర్తి చేయాలి. పరిచయం కొత్తలో చాలా ముక్కలు, ఒక్కో మాటకు వెతుక్కోవాలి. దగ్గరవుతున్నకొద్దీ ముక్కలు తగ్గుతాయి, మాట ఇట్టే వచ్చేస్తుంది. తగాదా వచ్చినప్పుడు ఆ ముక్కలకు కోసులు వస్తాయి, మాట తొందరగా అతుకుతుంది, గుచ్చుకుంటుంది. కాపురం చేసిన ఆడదానికి దీన్ని విడమరచి చెప్పాల్సిన పని లేదు. తిట్టు ఎంత తొందరగా నోటికొస్తుందో, సారీ ఎంత ఆలస్యంగా వస్తుందో మనకు తెలుసు. వాళ్లిద్దరూ విడిపోతారు. అమ్మాయి చెడిపోదు, చిన్నప్పుడు వదిలేసిన బొమ్మలు మళ్లీ వేసుకుంటుంది. ఇది ఆడపిల్లలకు చూపించకూడని కథ అంటే నేను ఒప్పుకోను.

వంట కావాలంటే వెణ్బా. 2023లో కెనడాలో టొరంటో వాళ్లు చేశారు, బాఫ్టా వాళ్లు తొలి ఆటకు ఇచ్చే బహుమతి దీనికి వచ్చింది. ఊరు వదిలి కెనడా పోయిన తమిళ కుటుంబం కథ. తల్లి పేరే వెణ్బా. ఆమె దగ్గర వాళ్లమ్మ ఇచ్చిన వంటల పుస్తకం ఉంది, పేజీలు చిరిగి, అక్షరాలు చెదిరి. ఉన్న ముక్కలను బట్టి వంట ఎట్లా చేయాలో మనం ఊహించాలి. ఇడ్లీ రేకులు ఒకదాని మీద ఒకటి ఎట్లా పెడితే ఆవిరి పైదాకా పోతుందో కనుక్కోవాలి. పెద్దది రెండుసార్లు తప్పు పెట్టింది. నేను ఒక్కసారికే పెట్టాను. బీటెక్ చదివే బిడ్డను నేను ఓడించిన మొదటి పరీక్ష అది. కానీ అసలు కథ ఇడ్లీ కాదు. కొడుకు పెరుగుతున్నకొద్దీ తల్లి తమిళంలో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంటాడు, ఇంటి తిండికి సిగ్గుపడతాడు. అది కెనడాలోనే జరగాలా? మా చిన్నోడు ఇంగ్లీషు మీడియం. పుట్టిన ఊళ్లో ఉంటూ, సర్వపిండి తింటూ, తెలుగు పేపరు మొదటి పేజీ కూడబలుక్కుని చదువుతాడు. నేను తెలుగు బీఏ. ఆ ఆట చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లెక్కలాంటి ఆట కావాలంటే మినీ మెట్రో. న్యూజిలాండ్ వాళ్లది. తెల్ల కాగితం లాంటి తెర మీద గుండ్రాలు, త్రికోణాలు, చతురస్రాలు స్టేషన్లుగా పుడుతుంటాయి. గీతలు గీసి కలపాలి, రైళ్లు నడపాలి. ఒక స్టేషన్లో జనం పట్టలేనంత పెరిగితే ఆట ఐపోతుంది. ఇది చిన్నోడికి ఇచ్చాం. మొదట "తుపాకి లేదా?" అని మొహం పెట్టాడు. తర్వాత గంటసేపు లేవలేదు. మాది రైల్వే స్టేషన్ ఊరు. కాజీపేట–విజయవాడ లైను మా బతుకుల మధ్యలోంచి పోతుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో వచ్చిన వరదకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వాడు ఆటలో కావాలని ఒక గీత చెరిపేసి, స్టేషన్లలో జనం పేరుకుపోవడం చూసి, "మన ఇంటికన్నె కాడ పట్టాలు కొట్టుకపోయినప్పుడు గిట్లనే అయిందమ్మా" అన్నాడు. తుపాకుల ఆట గురించి వాడు నాకు ఎన్నడూ ఏమీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అందులో ఏముందని?

"కొట్లాట లేకుంటే మగపిల్లలు ఆడరు" అంటారు. కొట్లాట ఉన్నవీ ఉన్నాయి. నాకు కొట్లాట అంటే భయం లేదు. కురుక్షేత్రం చదివి డిగ్రీ తెచ్చుకున్నదాన్ని, కత్తి చూసి భయపడతానా? పుణెలో నోడింగ్ హెడ్స్ అనే సంస్థ 2020లో రాజీ అనే ఆట చేసింది. రాజీ సర్కసు చేసుకునే పేదపిల్ల. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడిని వెతుక్కుంటూ పోతుంది. దారి పొడవునా గోడల మీది బొమ్మల్లో పురాణ కథలు, పైనుంచి దుర్గ, విష్ణువు ఆమె గురించి మాట్లాడుకుంటుంటారు. తమ్ముడి కోసం కొట్లాడే అక్క కథ. మన హైదరాబాద్‌లోనే ఓగ్రే హెడ్ స్టూడియో వాళ్లు 2017లో అసుర చేశారు. అందులో మనం దేవుడి వైపు కాదు, పగ తీర్చుకునే అసురుడి వైపు. చచ్చి మళ్లీ మొదలుపెడితే దారి మారిపోతుంది, నేర్చుకునే విద్యలు మారిపోతాయి. పెద్దది చెబితే తప్ప ఇవి రెండూ మన దేశంలో పుట్టాయని నాకు తెలియదు. మన పిల్లలకూ తెలియదు.

ఇంకొకటి, ఆడపిల్లలున్న తల్లులకు. 2016లో కోల్‌కతాకు చెందిన లీనా కేజ్రీవాల్ అనే కళాకారిణి మిస్సింగ్ అనే ఆటను తెచ్చారు. ఎత్తుకుపోయి అమ్మేసిన ఒక ఆడపిల్ల స్థానంలో నిలబడి, అక్కడినుంచి బయటపడే దారి వెతకాలి. చూడటం కష్టంగా ఉంటుంది. చిన్నపిల్లలకు వద్దు. పెద్ద తరగతుల పిల్లలతో పక్కన కూర్చుని చూడొచ్చు. "జాగ్రత్త బిడ్డా, కాలం బాగలేదు" అని మనం రోజూ అంటాం. దేనికి జాగ్రత్తో నోరు విప్పి చెప్పలేం. ఆ మాట ఇది చెబుతుంది. ఇదీ ఉచితమే. కానీ ఇక్కడ ఉచితం అమ్మకానికి కాదు, పదిమందికి చేరాలని.

ఇప్పుడు మీరు అడగబోయేవి నాకు తెలుసు. మా ఆడబిడ్డ అప్పుడే అడిగేసింది.

"ఆటకు పైసలు పెట్టి కొంటరా ఎవరన్న?" ఫోన్లో ఆడేవి కొన్ని ఒకరి సినిమా ఖర్చుకు వస్తాయి. లాప్‌టాప్‌వి అంతకంటే ఎక్కువ, కానీ ఏడాదిలో కొన్నిసార్లు ధర బాగా తగ్గిస్తారు, అప్పుడు కొనుక్కోవచ్చు. ఒక్కసారి కొంటే మళ్లీ అడగదు. ఫ్రీ ఆటకు మా ఇంట్లో పదకొండు రోజుల్లో ఎంతైందో మొదట్లోనే చెప్పాను. ఏది చవక?

"మా ఇంట్ల లాప్‌టాప్ లేదు వదినె." నిజమే, చాలా ఇళ్లల్లో లేదు. ఫ్లారెన్స్, మినీ మెట్రో, మిస్సింగ్ ఫోన్లోనే ఆడొచ్చు. అన్‌ప్యాకింగ్ కూడా ఫోన్లకు వచ్చింది. పిల్లవాడి చేతిలో ఇప్పుడున్న ఫోనే చాలు. అందులో ఏముందన్నదే ప్రశ్న.

"అన్నీ ఇంగ్లీషే గదా?" ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు, కోపమే ఉంది. అన్‌ప్యాకింగ్‌కు భాష దాదాపు అక్కర్లేదు, మినీ మెట్రోకు అక్కర్లేదు. మిగతావాటికి నాకు బిడ్డ పక్కన ఉండాల్సి వచ్చింది. ఈ దేశంలో ఆటలు చేసేవాళ్ల పెద్ద సదస్సు చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనే జరిగింది. ఆటల బొమ్మలు గీసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు మన పిల్లలే అక్కడ వేలమంది ఉన్నారు. తమిళ తల్లి వంటల పుస్తకం మీద ఎక్కడో టొరంటోలో ఆట పుట్టింది. సమ్మక్క పోరు, బతుకమ్మ పేర్చే వరుస, ఒగ్గు కథ, ఓమనగుంటల లెక్క, ఇన్ని మన ఇంటి ముందే ఉన్నాయి. వాటిని తెలుగులో మన పిల్లల చేతిలో పెట్టమని అడగాల్సింది ఎవరు? అడిగే గిరాకీ ఉంటే చేసేవాళ్లు వస్తారు. మనం "ఆటలన్నీ చెడ్డవే" అంటుంటే ఎవరు చేస్తారు, ఎవరి కోసం?

"సర్కారు బంద్ పెడ్తలేదా?" పెట్టింది. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలను దేశమంతా నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. మంచి పనే. ఆ జూదంలో కొంపలు ఆరిపోయినవాళ్లను మనమంతా చూశాం. కానీ ఆ చట్టం గురి గెలుస్తామన్న ఆశ చూపి డబ్బు పెట్టించే ఆటల మీద. మావాడు గెలుస్తానని డబ్బు పెట్టలేదు, క్లాసులో వెక్కిరించకుండా ఉండాలని చొక్కా కొన్నాడు. 2020 సెప్టెంబర్‌లో పబ్జీని నిషేధిస్తే పిల్లలు ఆట మానలేదు, ఇంకో ఆటకు మారారు. ఒకటి పోతే అట్లాంటిదే ఇంకొకటి వస్తుంది. చట్టం గడప దాకా వస్తుంది. గడప లోపలికి మనమే రావాలి.

మంచి ఆటలు మనకెందుకు తెలియవో కూడా చెబుతాను. ఒడవని ఆటకు రోజూ డబ్బు వస్తుంది కాబట్టి రోజూ ప్రకటన ఇచ్చుకుంటుంది. మీరు వంట వీడియో చూస్తున్నా మధ్యలో దూరి పిలుస్తుంది. ఒడిసే ఆట ఒకసారే అమ్ముడుపోతుంది. చేసేది ఇద్దరో ముగ్గురో పదిమందో. ప్రకటనలకు వాళ్ల దగ్గర ఏముంటుంది? సంతలో గట్టిగా అరిచేవాడి సరుకే ముందు అమ్ముడుపోతుంది. మంచి సరుకు మూలన కూర్చున్న ముసలామె గంపలో ఉందని తెలిసినవాళ్లం నడిచి అక్కడికే పోతాం. కూరగాయల దగ్గర ఉన్న ఆ తెలివి పిల్లల ఫోన్ దగ్గర ఏమైంది?

మా ఇల్లు మారిపోయిందని చెప్పను. చిన్నోడు ఇప్పటికీ ఆ తుపాకుల ఆట అడుగుతాడు. స్నేహితుల ఇంటికి పోయినప్పుడు ఆడుతున్నాడనీ నాకు తెలుసు. మినీ మెట్రో ఆడతావా అని క్లాసులో నవ్వారట. నేను పిన్ మార్చాను, అది చేయాల్సిన పనే. మా ఆయన "బంద్" అన్న మాట వెనక్కి తీసుకోలేదు కానీ, మొన్న రాత్రి పిల్లాడి వెనక నిలబడి, "ఆ మూలకున్న స్టేషన్ ఇడిసిపెట్టినవ్ సూడు" అన్నాడు.

పట్టా గురించి కూడా చెప్పాలి కదా. మహబూబాబాద్‌లో ఫ్రేము కట్టించాను. హాల్లో గోడకు ఎరువుల దుకాణం క్యాలెండరు, గడియారం, యాదగిరి నరసింహస్వామి పటం ఉన్నాయి. మేకు ఎక్కడ కొట్టాలో ఇంకా తేలలేదు. "ఇప్పుడెందుకే అది?" అన్నాడాయన. ఫ్రేము ప్రస్తుతం టీవీ పక్కన గోడకు ఆనించి ఉంది. మంచం కింద మాత్రం లేదు.

అమ్మలూ, ఈసారి పిల్లవాడు ఒక ఆట అడిగితే ముందు మూడు మాటలు అడగండి. ఇది ఒడుస్తదా? ఆడుతుంటే మధ్యలో పైసలు అడుగుతదా? ఆడినాక నాకు చెప్పడానికి ఏమన్నా ఉంటదా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు, మూడోదానికి అవును అని జవాబు వస్తే, కొనివ్వండి. కొనిచ్చి లేచిపోకండి. పక్కన కూర్చోండి. కూర పది నిమిషాలు ఆలస్యమైనా ఏమీ కాదు.